కాలమెఱిగి తెఱచుకొను కవాటములు



సంక్రాంతి సెలవులు ముగిసిన పిమ్మట ఒకనాడు, మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్న బాలుని తండ్రి మా యొద్దకు వచ్చిరి. వారు హోసూరు నుండి బెంగుళూరునకు బాడుగకారు నడపి కుటుంబమును పోషించుకొనువారు. కారు దారిలో బాగుగనే నడచుచున్నదనియు, ఎక్కడనైనను ఆపి నిలిపినచో యంత్రము వణకుచున్నదనియు, పెట్రోలు మునుపటికంటె ఎక్కువగా ఖర్చగుచున్నదనియు, ఎదుటి పలకలో పసుపుపచ్చని దీపము ఆరక వెలుగుచున్నదనియు చెప్పిరి. మరమ్మతుశాలవారు చూచి, "వీవీటీ చెడినది, క్రొత్తది వేయవలెను" అని, వారి నెల సంపాదనకు మించిన మొత్తమును అడిగిరట.

"అయ్యవారూ, వీవీటీ అంటే ఏమి? అది ఎక్కడ ఉంటుంది? నాకు తెలియదు, మావానికీ తెలియదు. తెలుగులో చదివించినందువల్లనే వానికి ఇట్లాంటివి తెలియకుండా పోయినవేమో. వచ్చే ఏడు ఇంగ్లీషు బడిలో వేద్దామనుకొంటున్నాను" అని వారు విచారపడిరి.

మాకును ఆ సమయమున సమాధానము తోచలేదు. మేము తెలుగు బోధించువారము. పొరుగు రాష్ట్రమున శిక్షణము పొందిన దినములలో సంధులు, సమాసములు, ఛందస్సు అభ్యసించితిమే కాని మోటారు యంత్రమును విప్పి చూచినవారము కాము. అయినను ఆ తండ్రి అడిగినది న్యాయమైన ప్రశ్న. కావున మా భౌతికశాస్త్రోపాధ్యాయుని అడిగి, ఊరిలో కార్లు బాగుచేయు మా పూర్వవిద్యార్థి చెంత కొన్ని సాయంకాలములు కూర్చుండి, తెలిసికొన్న దానిని మీకొఱకు పాఠముగా వ్రాయుచున్నాము.

నాలుగు పనులు

మోటారుకారులోని పెట్రోలు యంత్రమును అంతర్దహన యంత్రమందురు. అనగా ఇంధనము యంత్రము లోపలనే మండి శక్తి నిచ్చునది. 1876లో జర్మనీ దేశస్థుడగు నికొలాస్ ఆటో నిర్మించిన నాలుగు స్ట్రోకుల యంత్రము నేటి కార్ల యంత్రములకు మూలము. స్ట్రోకనగా సిలిండరులో పిస్టను ఒకమాఱు పైనుండి క్రిందికి గాని, క్రిందినుండి పైకి గాని సాగుట.

మొదటి స్ట్రోకున పిస్టను క్రిందికి దిగుచు గాలిని, పెట్రోలును లోనికి పీల్చుకొనును. రెండవ దానిలో పైకి వచ్చుచు ఆ మిశ్రమమును అదిమివేయును. అప్పుడు నిప్పురవ్వ పుట్టి మిశ్రమము మండగా, మూడవ స్ట్రోకున పిస్టను బలముగా క్రిందికి నెట్టబడును. మనకు పనికివచ్చు శక్తి దీనివలననే కలుగును. నాలుగవ దానిలో పిస్టను మరల పైకి వచ్చుచు, మండగా మిగిలిన పొగను వెలుపలికి నెట్టివేయును. ఈ నాలుగు పనులు ముగియుసరికి క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరుగును.

తలుపులు, బొడిపెలు

గాలి లోనికి వచ్చుటకు ఒక తలుపు, పొగ వెలుపలికి పోవుటకు ఒక తలుపు కావలెను గదా! ఆ తలుపులే కవాటములు. మన మెకానిక్కులు వానిని వాల్వులందురు. కమ్మరివాని కొలిమితిత్తికి గాలి లోనికి వచ్చుచోట చిన్న తోలుతెర యుండుట మీలో కొందఱు చూచియుందురు. తిత్తి నెత్తినపుడు అది తెఱచుకొనును, అదిమినపుడు మూసికొనును. అదియు కవాటమే. కాని తిత్తిలోని తెర గాలి త్రోపునకు తనంతట కదలును. కారు యంత్రములోని కవాటమును మఱొకటి తెఱవవలెను.

ఆ పని చేయునది కామ్‌షాఫ్టు అను ఇరుసు. దానిమీద కోడిగ్రుడ్డు ఆకారమున బొడిపెలుండును. ఇరుసు తిరుగునపుడు బొడిపె వచ్చి కవాటమును నొక్కును, కవాటము తెఱచుకొనును. బొడిపె దాటిపోగానే స్ప్రింగు దానిని మరల మూసివేయును. క్రాంకుషాఫ్టు నుండి ఒక గొలుసు గాని, పండ్ల బెల్టు గాని ఈ ఇరుసును త్రిప్పుచుండును. క్రాంకు రెండు చుట్లు తిరిగినపుడు కామ్‌షాఫ్టు ఒక చుట్టు మాత్రమే తిరుగును. ఏలయన, నాలుగు స్ట్రోకులలో ఒక్కొక్క కవాటము ఒక్కమాఱు తెఱచుకొనిన చాలును.

బొడిపె ఎట్లు చెక్కబడినదో, కవాటము అట్లే తెఱచుకొనును. ఇరుసును ఒకమాఱు బిగించిన పిమ్మట తెఱచు వేళ, మూయు వేళ మాఱవు. చిక్కంతయు ఇందే యున్నది.

వేగమునుబట్టి వేళ

కారు నిలిచియున్నపుడు యంత్రము నిమిషమునకు సుమారు 750 చుట్లు తిరుగుననుకొందము. అనగా సెకనునకు పన్నెండున్నర చుట్లు. ఒక స్ట్రోకు అరచుట్టు గావున, గాలి పీల్చుటకు సెకనులో 25వ వంతు కాలము దొరకును. అదే యంత్రము నిమిషమునకు 6,000 చుట్లు తిరిగినచో సెకనునకు 100 చుట్లు. పీల్చుటకు దొరకు కాలము సెకనులో 200వ వంతు మాత్రమే. కాలము ఎనిమిదవ వంతునకు తగ్గినది. తెఱచుకొను తలుపు మాత్రము ఒక్కటే.

గాలికిని బరువున్నది. వేగముగా సాగుచున్న గాలి, పిస్టను దిగుట మానినను, తన జడత్వముచేత ఇంకను లోనికి చొచ్చుకొని వచ్చుచుండును. పరుగెత్తు బాలుడు గీత యొద్ద ఠక్కున నిలువలేక కొన్ని అడుగులు ముందుకు పోవుట వంటిది ఇది. కావున అధిక వేగమున ప్రవేశకవాటమును కొంత ఆలస్యముగా మూసినచో మఱికొంత గాలి లోనికి చేరును, బలము పెరుగును. కాని మందవేగమున గాలికి అంత ఉరవడి యుండదు. అప్పుడు ఆలస్యముగా మూసినచో, పైకి వచ్చు పిస్టను లోనికి వచ్చిన గాలినే తిరిగి బయటకు త్రోసివేయును, బలము తగ్గును.

ఒక వేగమునకు మేలైన వేళ మఱొక వేగమునకు కీడగుచున్నది. పూర్వము యంత్రములను నిర్మించువారు ఈ రెంటికి నడుమ ఏదో యొక వేళను నిర్ణయించి సరిపెట్టుకొనెడివారు. పందెపు కారు యంత్రము నిలిచియున్నపుడు గుటకలు మ్రింగుచున్నట్లు తడబడుట ఈ కారణముచేతనే. దాని బొడిపెలు అధిక వేగమునకై చెక్కబడినవి.

సంధికాలము

మా వ్యాకరణ పాఠమునకు చెందిన మాట యొకటి ఇచ్చట అక్కఱకు వచ్చినది. పొగ పోవు తలుపు పూర్తిగా మూసికొనకముందే గాలి వచ్చు తలుపు తెఱచుకొనుట ఆరంభించును. కొంత తడవు రెండు తలుపులును తెఱచియుండును. పూర్వపదము ముగియుచుండగా పరపదము వచ్చి చేరుట వంటిదిది. దీనిని మేము సంధికాలమనుచున్నాము.

వేగముగా పోవునపుడు ఈ సంధికాలము ఉపకారమే చేయును. వెడలిపోవు పొగ తన వెంట కొంత ఖాళీని కల్పించి క్రొత్త గాలిని లోనికి లాగును. మధ్యమ వేగమున, తేలికపాటి బరువుతో నడచునపుడు కొంచెము పొగ సిలిండరులోనే నిలిచిపోయినను మేలే. అది మంట వేడిమిని తగ్గించును. తన్మూలమున నైట్రోజను ఆక్సైడులను విషవాయువులు తక్కువగా పుట్టును. కాని కారు నిలిచి యంత్రము మెల్లగా తిరుగునపుడు సంధికాలము అధికమైనచో, పొగ వెనుకకు మరలి క్రొత్త గాలిలో కలిసిపోవును. మంట సరిగా అంటుకొనదు. యంత్రము వణకును. ఈ మాటను గుర్తుంచుకొనుడు, తరువాత పనికివచ్చును.

పూర్వచరిత్ర

కవాటపు వేళను మార్చుట క్రొత్త తలంపు కాదు. పొగబండ్ల కాలముననే అది యున్నది. 1842లో ఇంగ్లండులోని రాబర్ట్ స్టీఫెన్‌సన్ కర్మాగారమున తయారైన కవాటయంత్రముతోను, 1844లో బెల్జియము దేశస్థుడగు ఎజీడ్ వాల్షార్ట్స్ కనిపెట్టిన దానితోను, రైలు డ్రైవరు ఒక పిడిని జరిపి ఆవిరి ఎంతసేపు సిలిండరులోనికి రావలెనో నిర్ణయింపగలిగెను. బండి కదలునపుడు ఆవిరిని ఎక్కువసేపు విడిచెడివాడు. పరుగందుకొన్న పిమ్మట త్వరగా ఆపి బొగ్గును, నీటిని ఆదా చేసెడివాడు.

కారులో ఈ పని కష్టమైనది, ఏలయన దాని యంత్రము మిక్కిలి వేగముగా తిరుగును. ప్రజలకు విక్రయించు కార్లలో మొదట దీనిని అమర్చినవారు ఇటలీలోని ఆల్ఫా రోమియో సంస్థవారు. 1980లో అమెరికాకు పంపిన వారి స్పైడర్ కారులో ఈ ఏర్పాటుండెను. 1989లో జపానుకు చెందిన హోండావారు ఇంటెగ్రా కారులో వీటెక్ అను విధానమును ప్రవేశపెట్టిరి. 1,600 ఘనసెంటీమీటర్లకు కొంచెము తక్కువైన ఆ యంత్రము 160 అశ్వశక్తుల నిచ్చెను. అనగా లీటరునకు 100. 1992లో బీఎండబ్ల్యూవారు వానోస్ అను పేరుతో తమ విధానమును తెచ్చిరి. నేడు మన రోడ్లమీది కార్ల వెనుక కనబడు వీవీటీ, వీటీవీటీ, ఐ-వీటెక్ మొదలగు అక్షరములన్నియు ఈ కుటుంబమునకు చెందినవే.

యంత్రములోని నీరుగంటి

మన సీమలో చెఱువులున్న గ్రామములలో నీరుగంటి యను పనివాడుండుట మీ తాతలెఱుగుదురు. తూము ఎప్పుడు తెఱవవలెనో, ఎప్పుడు మూయవలెనో చూచుట వాని పని. నారుమడి నాడు ఒక తీరున, పైరు పొట్టకు వచ్చిన నాడు మఱొక తీరున, చెఱువులో నీటి మట్టమును చూచి తూమును నడపెడివాడు. కవాటకాలమును మార్చు విధానము యంత్రములోని నీరుగంటియే.

అది ఎట్లు పనిచేయునో చూతము. కామ్‌షాఫ్టు కొనయందు గొలుసు త్రిప్పు పండ్లచక్రము నేరుగా బిగింపబడి యుండదు. చక్రము లోపల బోలుగా గుండ్రని డబ్బా వలె నుండును. ఆ డబ్బాలో, కామ్‌షాఫ్టునకు బిగించిన ఱెక్కల చక్రమొకటి యుండును. ఱెక్కలకు ఇరుప్రక్కల చిన్న చిన్న గదులేర్పడును. ఆ గదులలోనికి యంత్రపు చమురును ఒత్తిడితో పంపుదురు. ఒక ప్రక్క గదులలో చమురు నిండినచో ఱెక్కలు ముందుకు జరిగి, కామ్‌షాఫ్టు కొంచెము ముందుకు తిరుగును. కవాటములు ముందుగా తెఱచుకొనును. రెండవ ప్రక్క నిండినచో ఆలస్యముగా తెఱచుకొనును. రెండు ప్రక్కల చమురును బంధించినచో ఉన్నచోటనే నిలుచును.

ఏ ప్రక్కకు చమురు పంపవలెనో నిర్ణయించునది విద్యుత్తుతో పనిచేయు ఒక చిన్న చమురు కవాటము. దానికి ఆజ్ఞ యిచ్చునది కారులోని కంప్యూటరు. క్రాంకుషాఫ్టు ఎచ్చట నున్నదో, కామ్‌షాఫ్టు ఎచ్చట నున్నదో, ఎంత గాలి వచ్చుచున్నదో, యంత్రపు వేడి ఎంతయో గ్రాహకములు దానికి తెలుపుచుండును. అది క్షణక్షణమును లెక్కించి ఆజ్ఞలు పంపుచుండును.

ఒక లెక్క చేయుదము. ప్రవేశకవాటము, పిస్టను పైకొనకు చేరుటకు 10 డిగ్రీల ముందు తెఱచుకొని, క్రిందికొన దాటిన 50 డిగ్రీలకు మూసికొనుననుకొందము. తెఱచియున్న కాలము 10, 180, 50 కలిపి 240 డిగ్రీలు. ఇవి క్రాంకు డిగ్రీలు. ఇప్పుడు ఱెక్కల చక్రము వేళను 30 డిగ్రీలు ముందుకు జరిపినది. కవాటము 40 డిగ్రీల ముందే తెఱచుకొనును, 20 డిగ్రీలకే మూసికొనును. మొత్తము 40, 180, 20 కలిపి అదే 240. తెఱచియుండు వ్యవధి మాఱలేదు. వేళ మాత్రమే జరిగినది. కామ్‌షాఫ్టు సగము వేగమున తిరుగును గావున అది నిజముగా జరిగినది 15 డిగ్రీలే.

బొడిపెను మార్చు విధానము

హోండావారి వీటెక్ మఱొక త్రోవ త్రొక్కినది. అందు వేళ మాత్రమే గాక, తలుపు ఎంత లోతుగా తెఱచుకొనవలెనో, ఎంతసేపు తెఱచియుండవలెనో ఆ సంగతియు మాఱును. 1989 నాటి ఆ యంత్రమున ప్రతి కవాటముల జంటకు మూడు బొడిపెలుండెను. ఇరుప్రక్కలవి చిన్నవి, నడిమిది పెద్దది. మందవేగమున చిన్న బొడిపెలే కవాటములను నొక్కును. నడిమి బొడిపె ఊరక తిరుగుచుండును. వేగము నిమిషమునకు సుమారు 5,000 చుట్లు దాటగానే, చమురు ఒత్తిడిచేత ఒక చీల జరిగి మూడు మీటలను ఒకటిగా బంధించును. అప్పటినుండి కవాటములు పెద్ద బొడిపె చెప్పినట్లు నడచును.

2001లో బీఎండబ్ల్యూవారు వాల్వ్‌ట్రానిక్ అను విధానమున కవాటమెంత తెఱచుకొనవలెనో క్రమక్రమముగా మార్చు నేర్పు సాధించిరి. 2006లో టొయోటావారు లెక్సస్ కారులో చమురునకు బదులు విద్యుత్తు మోటారుతో వేళను జరుపు పద్ధతిని తెచ్చిరి. చలికాలమున చమురు చిక్కబడినను, ఒత్తిడి తక్కువైనను దానికి ఆటంకము లేదు.

ఫలమేమి?

మందవేగమున నెట్టుబలము, అధిక వేగమున శక్తి, నిలిచినపుడు నిలుకడ, పొదుపు, తక్కువ పొగ, వీనినన్నిటిని ఒకే యంత్రమున కొంత కొంత పొందుటయే ఫలము. 2020 ఏప్రిలు 1వ తేదీ నుండి మన దేశమున అమలునకు వచ్చిన భారత్ స్టేజ్ 6 నియమములు పొగను గుఱించి కఠినమైనవి. అట్టి నియమములకు లోబడుటలో ఇటువంటి విధానములు తోడ్పడుచున్నవి.

బాడుగకారు సంగతి

ఇక మొదటి కథకు వత్తము. ఆ తండ్రిని మేము మా పూర్వవిద్యార్థి యొద్దకు తోడ్కొనిపోతిమి. అతడు పదవ తరగతి వఱకు తెలుగులో చదివి, పిమ్మట ఐటీఐలో మోటారు మెకానికు విద్య నేర్చినవాడు. కారు మూత యెత్తకముందే అతడు ప్రశ్నలడిగెను.

"మామా, దారిలో పోయేటప్పుడు బాగుంటుందా? నిలిపితేనే వణుకుతుందా?"

"నిలిపితేనే, అబ్బాయీ."

"చమురు మార్చి ఎన్నాళ్లయింది?"

ఆ తండ్రి తలవంచుకొనిరి. గడచిన యేడు ఇంటిలో ఖర్చులెక్కువై, మార్చవలసిన వేళ దాటి రెండింతల దూరము నడపినారట.

ఆ యువకుని ఆలోచన ఇట్లు సాగినది. నిలిపినపుడే వణకుచున్నదనగా సంధికాలము అధికముగా నున్నట్లు తోచుచున్నది. అనగా ఱెక్కల చక్రము ముందుకు జరిగి అచ్చటనే చిక్కుకొని యుండవచ్చును. అది విఱిగియైన నుండవలెను, లేదా దానిని నడపు చమురు సరిగా రాకయైన నుండవలెను. చమురు నల్లబడినప్పుడు మొదట చమురు దారినే చూడవలెను. అది తక్కువ ఖర్చు. అతడు చమురు కవాటమును విప్పి చూడగా, దాని చిన్న జల్లెడ మడ్డితో పూడుకొని యుండెను. దానిని శుభ్రపఱచి, క్రొత్త చమురు, క్రొత్త వడపోత వేసెను. దీపమారినది. వణకు పోయినది. ఖర్చు అడిగిన మొత్తములో చిన్న భాగము మాత్రమే.

ప్రతి కారునకు ఇట్లే జరుగునని అనుకొనరాదు. కొన్నిట ఱెక్కల చక్రమే అరిగిపోవును. అప్పుడు క్రొత్తది వేయక తప్పదు. కాని చవకైన కారణమును ముందు పరీక్షింపక, ఖరీదైన దానిని మార్చుట తెలివి కాదు. చమురు ఈ యంత్రములలో కందెన మాత్రమే కాదు, ఆజ్ఞను మోయు చేయి కూడ. దానిని వేళకు మార్చవలెను.

తల్లిదండ్రులకు ఒక మాట

ఆ యువకుడు సంధికాలమును ఓవర్‌లాప్ అని పిలిచెను. ఱెక్కల చక్రమును ఫేజర్ అనెను. ఆ పేర్లను పనిలో చేరిన పిమ్మట నేర్చుకొంటినని చెప్పెను. తమిళము, కన్నడము, ఇంగ్లీషు మాటలు కలగలసిన ఆ కొట్టులో అతనికి ఏ భాషయు అడ్డము కాలేదు. గాలికి బరువున్నదని, సాగుచున్నది ఆగనొల్లదని మాత్రము మా పాఠశాలలో ఎనిమిదవ తరగతిలో తెలుగులోనే తెలిసికొంటినని అనెను.

మన హోసూరు సీమకు ఒక దిక్కున బిడది, ఒక దిక్కున శ్రీపెరుంబుదూరు, ఒక దిక్కున పెనుకొండ ప్రాంతము, మూడింటను కార్ల కర్మాగారములున్నవి. మన పిల్లలు అచ్చట పనికి పోవలెనన్నచో ఇంగ్లీషు కావలెను, ఆయా రాష్ట్రభాషలును కావలెను. అవి వలదని మేమనము. ఈ పాఠమును వ్రాయుటలో మేమే ఎన్నిమాఱులో తెలుగు మాటకై తడుముకొంటిమి. ఆ కొఱత మాది, పిల్లలది కాదు. విషయము మొదట తెలిసిన భాషలో మనసునకెక్కినచో, పేర్లు పిమ్మట ఏ భాషలోనైనను వచ్చి చేరునని మాత్రమే మా విన్నపము. ఆ తండ్రి తమ కుమారుని గుఱించి ఇంకను నిశ్చయించుకొనలేదు. నిర్ణయము వారిది. ఈ పత్రిక ప్రతి నొకటి వారికి పంపుచున్నాము.

అభ్యాసము

1. యంత్రము నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునపుడు ఒక ప్రవేశకవాటము సెకనునకు ఎన్నిమాఱులు తెఱచుకొనును?

2. ఒక కవాటము పైకొనకు 12 డిగ్రీల ముందు తెఱచుకొని, క్రిందికొన దాటిన 48 డిగ్రీలకు మూసికొనును. వేళను 20 డిగ్రీలు ముందుకు జరిపినచో ఎప్పుడు తెఱచుకొని, ఎప్పుడు మూసికొనును? తెఱచియుండు వ్యవధి మాఱునా?

3. కారు నిలిపినపుడు సంధికాలము తక్కువగా నుండవలెను. ఏల?

4. మీ యూరి మరమ్మతుశాలకు పోయి, అచ్చటి పనివారు యంత్రభాగములకు వాడు పది మాటలను వ్రాసికొని రండు. అవి ఏ భాషవో, మన వాడుకలో ఎట్లు మాఱినవో తరగతిలో చర్చింతము.